మర్యాద లెక్క

మా మావయ్య నన్ను ఓడించిన ప్రతిసారీ ఎంతో మర్యాదగా ఓడించారు.

"నువ్వే మొదలుపెట్టమ్మా" అనేవారు, బల్ల మీది గుండీల కుప్ప చూపిస్తూ, పీట వేసి కూర్చోబెట్టినంత ఆదరంగా. కాపురానికి వచ్చిన కొత్తలో నేను దాన్ని పెద్దరికం అనుకున్నాను. కోడలికి ముందు అవకాశం ఇచ్చే మావగారు ఎంతమందికి దొరుకుతారని పుట్టింట్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మావయ్య దర్జీ. కోట్లు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. కింద షాపు, పైన మా కాపురం. షాపంటే మరీ పెద్దదేం కాదు. వీధివైపు ఒక కిటికీ, దాని పక్కన ఆయన పేపరు చదువుకునే కుర్చీ, రెండు కుట్టు మిషన్లు, నిలువుటద్దం, బాగా వెనక్కి, ట్యూబులైటు కింద, కటింగు బల్ల. మధ్యాహ్నం పని పలచబడ్డాక నేను టీ పట్టుకుని కిందికి దిగేదాన్ని. అప్పుడాయన పాత బిస్కెట్ల డబ్బా తెరిచేవారు. అందులో అన్నీ గుండీలే. చొక్కా గుండీలు, కోటు గుండీలు, జత తప్పినవి, అంచు విరిగినవి, ఏ బట్టకీ నప్పక మిగిలిపోయినవి.

ఆట సులువైనదే. ఓ గుప్పెడు గుండీలు బల్ల మీద పోస్తారు. మొదలుపెట్టినవాళ్ళు ఎన్నయినా తియ్యొచ్చు, మొత్తం మాత్రం తియ్యకూడదు. తర్వాత రెండోవాళ్ళు కనీసం ఒకటి తియ్యాలి. ఎంత ఎక్కువ తీసినా, అవతలి మనిషి ఇప్పుడే తీసినదానికి రెట్టింపు దాటకూడదు. అలా ఒకరి తర్వాత ఒకరు తీస్తూ పోవాలి. ఆఖరి గుండీ ఎవరు తీస్తే వాళ్ళది గెలుపు. ఆయనకి పని నేర్పిన గురువు దగ్గర ఈ ఆట కూడా అబ్బిందట.

కుప్ప పోసేది ఆయనే, ఎవరు మొదలుపెట్టాలో చెప్పేదీ ఆయనే. గుండీలని ముట్టుకోకుండా ఒక్క చూపులో లెక్కపెట్టేసేవారు. అదో గొప్ప ఆయనకి. "గుడ్డ చూడగానే ఎంతుందో చెప్పలేనివాడు మెళ్ళో టేపు వేసుకోకూడదమ్మా" అనేవారు.

నేను డిగ్రీలో లెక్కలు చదివినదాన్ని. వరసగా ఓడిపోతూ ఉంటే నిద్రపట్టే రకాన్ని కాదు. కొన్నాళ్ళకి ఒక సంగతి గమనించాను. మావయ్య అన్ని కుప్పలకీ నన్ను మొదలుపెట్టమనరు. కొన్నిటికి ఆయనే చెయ్యి చాస్తారు. నన్ను మొదలుపెట్టమన్న కుప్పలు ఎప్పుడూ అయిదు, ఎనిమిది, పదమూడు, ఇరవై ఒకటి, ముప్ఫై నాలుగు. వేరే లెక్కకి ఆ మర్యాద లేదు. అంట్లు తోముతూ ఆ సంఖ్యలని నోట్లో నానబెట్టుకుంటూ ఉంటే ఒక్కసారిగా వెలిగింది. అయిదూ ఎనిమిదీ కలిస్తే పదమూడు. ఎనిమిదీ పదమూడూ కలిస్తే ఇరవై ఒకటి. ప్రతిదీ తన ముందున్న రెండిటి మొత్తం. ఇది మా లెక్చరరమ్మ బోర్డు మీద రాసిన ఫిబొనాచీ శ్రేణే! "దీని జ్ఞాపకం చాలా చిన్నదర్రా. వెనక ఉన్నవన్నీ మరిచిపోయినా పరవాలేదు, ఆఖరి రెండూ గుర్తుంటే చాలు, ఎంత దూరమైనా పోవచ్చు" అని ఆవిడ చెప్పిన మాట కూడా గుర్తొచ్చింది.

కుప్పలో ఆ లెక్క ఉంటే మొదలుపెట్టినవాళ్ళు ఓడిపోతారు, రెండోవాళ్ళు పొరపాటు చెయ్యకపోతే. మిగతా ఏ లెక్కయినా మొదలుపెట్టినవాళ్ళదే గెలుపు. అదీ మా మావయ్య పెద్దరికం! ఆ సంఖ్యలకి నేను మర్యాద లెక్కలని పేరు పెట్టుకున్నాను.

మర్నాడు పదమూడు గుండీలు పడ్డాయి.

"నువ్వే మొదలుపెట్టమ్మా."

"బాగుంది మావయ్యా. పెద్దవారు మీరుండగా నేనా?"

ఆయన కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. తర్వాత దగ్గు వచ్చేదాకా నవ్వారు. "ఓసి నీ అసాధ్యం కూలా! మీ ఆయనకి ఇన్నేళ్ళొచ్చినా తట్టలేదే!"

ఆ రోజే మిగతా కిటుకు కూడా చెప్పారు. కుప్ప మర్యాద లెక్క కాకపోతే గుడ్డని కత్తిరించినట్టు కత్తిరించాలట. "ఇరవై ఉన్నాయనుకో. అందులో పట్టే పెద్ద ముక్క పదమూడు. మిగిలిన ఏడులో పెద్ద ముక్క అయిదు. ఇంకా మిగిలింది రెండు, అది పీలిక. ఆ పీలిక తీసి పక్కన పడేయ్. ప్రతిసారీ అంతే. మిగిలినదాన్ని ముక్కలు చెయ్యి, ఆఖరి పీలిక తియ్యి. గెలుపు నీదే."

అప్పట్నుంచీ ఇరవై ఒకటి పడిందంటే చాలు, "మీరు మొదలుపెట్టండి" అని నేనూ, "కాదమ్మా నువ్వే" అని ఆయనా. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు చూసి, మావా కోడళ్ళంటే ఇలా ఉండాలని మురిసిపోయేవారు. మా ఆయన మాత్రం, "మీరిద్దరూ మర్యాదలు ఒలకబోసుకోవడం అయ్యాక చెప్పండి, టీ చల్లారిపోతోంది" అనేవారు.

హాయిగా సాగిపోతున్నదానికి అడ్డం పడింది ఒక కోటు.

ఒక హోటలు మేనేజరు నల్లకోటు కుట్టించుకున్నాడు. తొడుక్కుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, సంబరంగా వీధిలోకి దిగాడు. దిగినవాడు దిగినట్టే వెనక్కి వచ్చాడు. ఎండలో చూస్తే కోటంతా నలుపు, ఎడమ చెయ్యి మాత్రం ముదురు నీలం.

"నేను నల్లతానులోంచే కత్తిరించాను" అన్నారు మావయ్య. ఒకటికి రెండుసార్లు అదే మాట. మూడోసారి నోరు తెరిచి, ఏమీ అనకుండా మూసేశారు. ఆ మూసిన నోరు చూస్తే నాకు భయం వేసింది.

తర్వాత అలాంటివి ఇంకా బయటపడ్డాయి. ఎదురుగా బల్ల మీదున్న నల్లదారం రీలు కోసం షాపంతా వెతికేవారు. పాత ఖాతాదారు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపితే ఎవరో కొత్తవాడన్నట్టు చూశారు. గుండీల డబ్బా తియ్యడం కూడా తగ్గించేశారు. "ఇవాళ పనుందమ్మా" అనేవారు, పని లేని రోజుల్లో కూడా.

ఈ సంగతులు విని మా వదిన, అంటే మా ఆయన అక్క, బస్సెక్కి వచ్చింది. వదినకి మనసు వెన్న, నోరు మాత్రం గంట. చెప్పులింకా విప్పకముందే వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గించడమంటే పక్కింటికి వినపడకుండా మాట్లాడటం.

"గుమ్మంలో నిలబడి నవ్వితే 'ఎవరమ్మా, కొలతలకా?' అన్నారే! కన్నకూతుర్ని!"

"మొన్నే కదా కళ్ళజోడు మార్పించాం" అన్నారు మా ఆయన. "పేపర్లో చిన్నక్షరాలు కూడా గడగడా చదివేస్తున్నారు. కళ్ళకేం లేదక్కా. ఇది వేరే."

"అదే నేననేది. మా ఆయన మేనత్తకి ఇలాగే మొదలైంది. ముందు మనుషుల్ని మరిచిపోయింది, తర్వాత పొయ్యి ఆర్పడం మరిచిపోయింది. ఇక్కడ కత్తెర్లు, ఇస్త్రీపెట్టె, ఆ నిటారు మెట్లు! షాపు మూసేసి నాతో పంపించెయ్‌రా. మాది కింద ఇల్లే. కళ్ళెదురుగా పెట్టుకుని చూసుకుంటాను."

మా ఆయన అచ్చాపీసులో పని చేస్తారు. సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. మావయ్య వెళితే ఇక ఆ షాపు లేనట్టే. ఆ బల్ల ముందు నిలబడని మావయ్యని నేను ఊహించుకోలేకపోయాను. ఆగలేక అనేశాను.

"ఆయన మతికేం కాలేదు వదినా. మతి తప్పినవాళ్ళు ఆ గుండీల ఆట ఆడలేరు. నన్నింకా ఓడిస్తున్నారు తెలుసా?"

"ఈమధ్య ఎప్పుడు ఓడించారు?"

నేను రోజులు వెనక్కి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. వదిన నా మొహం చూసి అది పట్టేసింది.

"అయితే ఇప్పుడే ఆడు, మరదలా. మేమిద్దరం చూస్తాం. ఆయన గెలిస్తే నోరు మూసుకుని తిరుగు బస్సెక్కుతాను. గెలవకపోతే నాతో తీసుకెళతాను. సరేనా?"

సరేనన్నాను. నా మావయ్య మీద నాకంత ధీమా. మెట్లు దిగుతూ ఉంటే మాత్రం, అనవసరంగా నోరు జారానేమో అనిపించింది.

ముగ్గురం ఒక్కసారే దిగేసరికి మావయ్య బల్ల దగ్గరినుంచి తల తిప్పారు. "ఏమిటి, కోర్టు మొత్తం తరలివచ్చింది?"

"మీ ఆట చూద్దామని వచ్చింది నాన్నా మీ కూతురు" అంది వదిన, లేని నవ్వు తెచ్చుకుని.

బల్ల మీద నల్లగుడ్డ పరిచి ఉంది. మేనేజరు కోటుకి మళ్ళీ కత్తిరించాల్సిన చెయ్యి. సుద్ద గీత ఇంకా పడలేదు. ఎప్పుడూ బల్లకి కుడివైపు ఉండే పెద్ద కత్తెర అక్కడ లేదు. పొద్దున మా ఆయన దాన్ని సొరుగులో దాచడం నేను చూశాను. ఆ ఖాళీ చోటుని మావయ్య చేత్తో ఒకసారి తడిమి, ఏమీ అడగకుండా డబ్బా అందుకున్నారు. అన్నీ అర్థమైనట్టే ఉన్నాయి ఆయనకి.

గుప్పెడు గుండీలు గుడ్డ మీద పడ్డాయి. నేను లెక్కపెట్టాను. ఇరవై ఒకటి! నా గుండె కుదుటపడింది. ఇక ఆయన 'నువ్వే మొదలుపెట్టమ్మా' అంటారు, నేను తృప్తిగా ఓడిపోతాను, వదిన బస్సెక్కుతుంది.

మావయ్య కుప్పని ఒక్క చూపు చూశారు. "నేను మొదలుపెడతాను" అన్నారు.

నేను కుప్పని మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై ఒకటే. పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన ఇరవై ఒకటికి చెయ్యి చాచలేదు. నిద్రలో లేపి అడిగినా చాచరు. వదినకి ఈ లెక్క తెలియదు, మా ఆయనకి గుర్తుండదు. ఆ గదిలో జరిగింది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. వదిన చెప్పిందే నిజమా అనుకున్నాను.

ఆయన రెండు తీశారు. నేను ఒకటి తీశాను, ఆయనకి ఆలోచించుకునే సందు దొరుకుతుందని. ఆయన ఒకటి తీశారు. నేను మళ్ళీ ఒకటే. ఆయన రెండు. తీసినవాటిని ఆయన కుప్పగా పడెయ్యరు. ఎన్నోసారి ఎన్ని తీశారో విడివిడిగా కనపడేలా బల్ల అంచున వరస పెడతారు. దర్జీ అలవాటు. ఆ వరస పెరుగుతూ ఉంటే మొహంలో పాత కళ కూడా వచ్చింది. వేళ్ళతో బల్ల మీద తాళం వేస్తున్నారు. నేను ఒక్కొక్కటే తీస్తూ ఉంటే, "పిసినారి కోడలు" అని వేళాకోళం చేశారు. చివరికి మిగిలినవాటిలోంచి రెండు ఒకేసారి తీసి, రెండు చేతులూ దులుపుకుని, వెనక్కి వాలారు.

"అయిపోయింది! ఓడావమ్మా."

గుడ్డ మీద ఒక గుండీ ఉంది.

నాలుగు చిల్లుల కోటు గుండీ. ఆయనకి జానెడు దూరంలో ఉంది. మేం ముగ్గురం దాన్నే చూస్తున్నాం. ఆయన మా మొహాలు చూసి నవ్వుతున్నారు.

"నాన్నా" అంది వదిన. ఈసారి నిజంగానే గొంతు తగ్గింది. "ఇంకోటుంది నాన్నా."

"ఎక్కడే, నన్ను ఆట పట్టించకు" అంటూనే ఆయన చెయ్యి గుడ్డ మీద పాకింది. వేళ్ళకి గుండీ తగిలింది. దాన్ని తీసుకుని పిడికిలి బిగించారు. మొహంలో వచ్చిన కళ వచ్చినట్టే పోయింది.

"మీరు నాకు చెప్పక్కర్లేదే. నాకే తెలుస్తోంది" అన్నారు. "ముందు ఉన్న వస్తువు ఉన్నట్టే మాయమైపోతోంది. మనుషులూ అంతే. ఎక్కడ పెట్టానో మరిచిపోతున్నాననే అనుకుంటున్నాను. ఎవరికి చెప్పుకోను?"

చొక్కా జేబులోంచి షాపు తాళాలు తీసి వదిన ముందు పెట్టారు. "మిషన్లు మూలన పడెయ్యకండి. పని చేసుకునేవాళ్ళెవరికైనా ఇవ్వండి. తుప్పు పడితే పాపం వాటికి."

తాళాలు కావాలని వచ్చిన వదినే ముందు ఏడ్చింది. మా ఆయన సొరుగు వంక చూస్తూ నిలబడిపోయారు.

నేను ఎవరి మొహమూ చూడలేక బల్ల అంచున ఆయన పెట్టిన వరస చూశాను. రెండు, ఒకటి, రెండు, ఒకటి... మొదటి రెండు దగ్గరే నా చూపు ఆగింది. రెండెందుకు? ఇరవై ఒకటికి పీలిక ఉండదు. అది మొత్తం ఒకటే ముక్క. మతి చెదిరి ఏదో ఒకటి తీశారనుకోవాలి. కానీ రెండు అనేది ఆయనే నాకు నేర్పిన జవాబు. ఇరవైకి జవాబు. పదమూడు, అయిదు, పీలిక రెండు.

ఇరవై అనుకుని మళ్ళీ మొదట్నుంచి చూసుకుంటూ వచ్చాను. ఆయన రెండు, నేను ఒకటి తీస్తే మిగిలేది పదిహేడు. పదమూడు, మూడు, పీలిక ఒకటి. ఆయన ఒకటే తీశారు. నేను ఇంకొకటి తీస్తే పదిహేను. పదమూడు, పీలిక రెండు. ఆయన రెండు తీశారు. ఆ వరసలో ఒక్కచోట కూడా తప్పు లేదు. ఆఖరి రెండూ తీసేటప్పటికి ఆయన లెక్క ప్రకారం గుడ్డ నిజంగానే ఖాళీ. మతి తప్పిన మనిషి తప్పుగా ఆడతాడు. ఒక గుండీ తక్కువన్న లెక్క మీద మొదట్నుంచి చివరిదాకా ఇంత ఒప్పుగా ఆడలేడు.

"మావయ్యా, మీరు పోసినప్పుడు ఎన్నున్నాయి?"

"ఇరవై" అన్నారు, తడుముకోకుండా.

"ఇరవై ఒకటి కదా నాన్నా" అంది వదిన ముక్కు చీదుకుంటూ.

"ఇరవయ్యే."

"మీ చేతిలోది ఒకసారి ఇలా ఇవ్వండి."

పిడికిలి విప్పారు. నల్ల గుండీ. నల్లగుడ్డ మీద నల్ల గుండీ.

మాయమైన నల్లదారం రీలు, నీలం చెయ్యి అతికిన నల్లకోటు గుర్తొచ్చాయి. గుమ్మంలో, వెనకనుంచి ఎండ పడుతూ ఉంటే చీకటి ముద్దలా కనపడిన ఖాతాదారు, ఆ తర్వాత అదే గుమ్మంలో వదిన. కిటికీ వెలుతురులో పేపరు మాత్రం గడగడా చదువుతారు. తెల్లకాగితం మీద నల్లక్షరాలు మరి! మేం ముగ్గురం చదువుకున్నవాళ్ళమే. పేపరు చదువుతున్నారు కాబట్టి కళ్ళు బాగున్నాయని తీర్మానించేశాం.

బల్ల కింద లైనింగు గుడ్డ ఉంటుంది, తెల్లది. దాన్ని లాగి నల్లగుడ్డ మీద పరిచాను. ఆయన వరసా నా కుప్పా ఆ నల్ల గుండీతో సహా కలిపి దాని మీద పోశాను.

"ఏం చేస్తున్నావే?" అంది వదిన.

"ఒక్క నిమిషం వదినా. మావయ్యా, ఇప్పుడు చూడండి."

"వద్దమ్మా, వదిలెయ్" అన్నారు. నేను వదల్లేదు. నేను వదిలే రకాన్ని కాదని ఆయనకీ తెలుసు. అయిష్టంగా ముందుకి వంగి, పాత అలవాటు ప్రకారం ఒక్క చూపు చూశారు. చూసి ఆగారు. మళ్ళీ ఒకసారి చూశారు.

"ఇరవై ఒకటి" అన్నారు మెల్లగా. తలెత్తి నా వంక చూశారు. పెదవి చివర చిన్నగా కదిలింది.

"నువ్వే మొదలుపెట్టమ్మా."

నేను నవ్వుదామనుకున్నాను కానీ ఏడుపొచ్చింది. వదిన కంగారుపడిపోయింది. "ఏమైందే? గెలిచారా, ఓడారా? నాకు ఎవరైనా చెప్పండర్రా!"

"ఆయన ఆటలో తప్పు లేదు వదినా. ఒక గుండీ కనపడలేదు, అంతే. మతి కాదు, కళ్ళు." లెక్క మొత్తం వివరించబోయాను.

"ఆ లెక్కలు నాకొద్దు, తల్లీ, తలనొప్పి నాకు" అంటూ తాళాలు తీసి ఆయన జేబులో తనే కుక్కింది. మా ఆయన సొరుగు తెరిచి, కత్తెరని దాని చోట పెట్టారు. మావయ్య దాన్ని తాకి చూసుకున్నారు కానీ, ఎవరు తీశారని అప్పుడూ అడగలేదు.

కంటి డాక్టరు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయన్నాడు. "వీటితో కొందరికి దగ్గరి చూపు ఇంకా మెరుగైనట్టే ఉంటుంది. నలుపూ నీలమూ మాత్రం కలిసిపోతాయి. మసక వెలుతురులో అయితే మరీ" అని చెప్పాడు. కళ్ళజోడు మార్చినవాణ్ణి మా ఆయన దారంతా తిడుతూ వచ్చారు.

రెండో కంటికి కూడా ఆపరేషన్ అయి, కట్టు విప్పిన రోజు మావయ్య ఇంట్లోకి వస్తూనే గోడలు చూసి, "సున్నం ఎప్పుడు వేశారర్రా, ఇంత మాసిపోయాయి?" అన్నారు. తర్వాత నా వంక తిరిగి, "అదేమిటమ్మా, నీకు అప్పుడే తల నెరిసిందా?" అన్నారు.

"ఆ ఆపరేషనేదో ఒక కంటితో ఆపితే బాగుండేది" అన్నాను.

మేనేజరు కోటుకి కొత్త చెయ్యి అతికింది. దాన్ని మావయ్య స్వయంగా ఎండలోకి పట్టుకెళ్ళి తిప్పి తిప్పి చూసుకుని మరీ ఇచ్చారు.

చూడటానికి వచ్చిన వదిన, ఆ రోజు తనని అంత ఏడిపించిన ఆట ఏమిటో చూస్తానని బల్ల ముందు కూర్చుంది. మావయ్య డబ్బా తెరిచి, ఈసారి రెండు చేతులతో గుండీలు తీసి పోశారు. ఒక్క చూపు చూశారు.

"నువ్వే మొదలుపెట్టమ్మా" అన్నారు కూతురితో, ఎంతో ప్రేమగా.

వదిన మొహం విప్పారింది. "చూశావా మరదలా? ఎంతైనా కన్నకూతురు కన్నకూతురే. నాన్నకి నేనంటే ఎంత మర్యాదో!"

నేను కుప్ప వంక చూశాను. ముప్ఫై నాలుగు. ఏమీ అనకుండా ముగ్గురికీ టీ పోశాను.